గడీ గోడ మీద నల్లబల్ల

మా ఊరి గడీ గేటు పక్కన బోర్డు పెట్టారు. "దయచేసి చెప్పులు ఇక్కడ విడవండి." కింద ఇనుప అరలు, టోకెన్లు. టికెట్ మనిషికి 50 రూపాయలు, ఫోనుతో ఫొటోలు తీసుకుంటే ఇంకో 100.

నేను చెప్పులు విప్పి అరలో పెట్టి వెనక్కి తిరిగి చూస్తే మా నాయిన కదల్లేదు. చేతికర్ర మీద బరువంతా వేసి ఆ బోర్డు చదువుతున్నాడు. ఆయనకు 84 ఏళ్ళు. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతాడు, అందుకే ఆలస్యం అనుకున్నాను. గైడు కుర్రాడు కూడా అదే అనుకున్నట్టుంది. దగ్గరికొచ్చి, "తాతా, లోపల గచ్చు కొత్తగ పాలిష్ చేసిన్రు. చెప్పులతోని నడిస్తె గీతలు పడ్తయి, అందుకని," అన్నాడు.

"మంచిగ చెప్పినవు బిడ్డా. అప్పట్ల గింత మంచిగ చెప్పేటోళ్ళు గాదు," అన్నాడు నాయిన. అని, వంగి, చెప్పులు విప్పాడు.

మా తాత గడీ ముందు నుంచి పోవాల్సి వస్తే చింతచెట్టు దగ్గరే చెప్పులు తీసి చంకలో పెట్టుకునేవాడట. గడీ దాటాక, ఊరబావి దగ్గర మళ్ళీ తొడుక్కోవడం. నాయిన చిన్నతనంలో ఆయనకసలు చెప్పులే లేవు కాబట్టి ఆ బాధ లేదు. ఆ కుర్రాడికి ఇదంతా తెలియదు, తెలియాల్సిన పని కూడా లేదు. వాడి డ్యూటీ వాడు చేశాడు. చెప్పుల సంగతి ఇక్కడితో వదిలేస్తాను, నా పంచాయితీ వేరే ఉంది.

ఊరి పేరు రాయడం లేదు. నల్లగొండ జిల్లాలో, దేవరకొండ వైపు ఊరు అంటే చాలు. గడీ వాళ్ళతో నాకు తగాదా లేదు. పైగా వాళ్ళు చేసినదాంట్లో ముప్పాతిక భాగం మంచి పనే అని ముందే ఒప్పుకుంటున్నాను.

తెలంగాణ బయట పెరిగినవాళ్ళ కోసం ఒక మాట. గడీ అంటే వట్టి మేడ కాదు. రెండు నిలువుల ప్రహరీ, మూలకో బురుజు, బండి పట్టే దర్వాజ, లోపల కచేరి, ధాన్యం కొట్లు, గుర్రాల కొట్టం, వెనక వంటిల్లు, ఆ వెనక బావి. దొర అక్కడ ఉండేవాడు, శిస్తు అక్కడ వసూలయ్యేది, తీర్పు అక్కడే, శిక్ష కూడా అక్కడే. మహబూబ్‌నగర్ వైపు గద్వాల, వనపర్తి, జటప్రోలు, అమరచింత లాంటివి సంస్థానాలు. వాటికి రాజులు, కోటలు, ఆస్థాన కవులు. మా నల్లగొండ వైపు దేశ్‌ముఖులు, దొరలు. రాజు ఎక్కడో కోటలో ఉంటాడు. దొర అట్లా కాదు, మీ ఇంటి కప్పు మీద పొయ్యి పొగ లేస్తే ఆయన మిద్దె మీద నుంచి కనిపిస్తుంది. గడీ దగ్గరితనం అది, దాని భయం కూడా అదే.

ఈ గడీ పదిహేనేళ్ళ కింద చూసినవాళ్ళెవరూ ఇది మళ్ళీ లేస్తుందనుకోలేదు. ప్రహరీ మీద రావిచెట్టు మొలిచి గోడను రెండుగా చీల్చింది. తలుపులు, కిటికీ చువ్వలు ఎవరో ఎత్తుకుపోయారు. గుప్తనిధుల పిచ్చోళ్ళు అమావాస్య రాత్రులు వచ్చి కొట్టు గదుల్లో గోతులు తీశారు. ఒక గోతిలో నిమ్మకాయలు, కుంకుమ నేనే చూశాను. అటువంటిదాన్ని ఆ ఇంటి మనవలు, విదేశాల్లో ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్ళు, సొంత డబ్బు పెట్టి నిలబెట్టారు. ఈ రాష్ట్రంలో అట్లా సొంతంగా బాగుచేసుకున్న వంశాలు లేకపోలేదు. కామారెడ్డి జిల్లా దోమకొండ కోటకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డు వచ్చింది. కానీ కూలిపోయినవాటి లెక్క ముందు ఇవి ఎన్ని?

పని కూడా ఆషామాషీగా చేయలేదు. మాతో వచ్చిన నా మేనల్లుడు సివిల్ ఇంజనీరు, హైదరాబాద్‌లో అపార్టుమెంట్లు కట్టించే ఉద్యోగం. వాడు లోపలికి రాగానే గోడకు చెయ్యి ఆనించి, "అత్తా, సిమెంటు కాదు ఇది. సున్నమే," అన్నాడు. ఇక అరగంట సేపు వాడిని కదిలించలేకపోయాము.

పాత సున్నం గోడకు సిమెంటు పూస్తే ఏమవుతుందో వాడు అక్కడే చెప్పాడు. పునాదిలోంచి తేమ గోడలోకి ఎక్కుతూనే ఉంటుంది. సున్నం పూత అయితే ఆ తేమ మెల్లగా బయటికి ఆరిపోతుంది. సిమెంటు దాన్ని పోనివ్వదు. నీళ్ళలోని ఉప్పు పూత వెనక చేరి, గడ్డకట్టి, ఒకరోజు పెళ్ళలు పెళ్ళలుగా తోసేస్తుంది. మన ఊళ్ళలో గుడి గోడల కింద మూడడుగుల మేర బొబ్బలెక్కి రాలేది ఎక్కువగా ఇందుకే. భక్తులు చందాలు వేసుకుని మళ్ళీ సిమెంటే పూస్తారు, అది మళ్ళీ రాలుతుంది.

ఇక్కడ డంగు సున్నం ఆడించారు. కాల్చిన సున్నపురాయి మీద నీళ్ళు పోస్తే పొగలు కక్కుతూ విచ్చుకుంటుంది. దాన్ని నానబెట్టి, ఇసుక వేసి, గుండ్రటి కాలువలో రాతి చక్రం తిప్పుతూ మెత్తగా నలుగగొట్టాలి. పూర్వం ఎద్దులు తిప్పేవి, ఇక్కడ మోటారు తిప్పిందట. నలిగే సున్నంలో బెల్లం నీళ్ళు, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు. పూసిన తర్వాత అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ నెలలు, ఏళ్ళు గట్టిపడుతూనే ఉంటుంది, ఏ రాయి కాల్చి చేశారో ఆ రాయి గుణానికే తిరిగిపోతుంది. పైపూత మీద నున్నటి గులకరాయితో రోజుల తరబడి రుద్దితే ఆ మెరుపు. నేను వేలితో తాకితే చల్లగా, పచ్చి కుండ అంచు తగిలినట్టు తగిలింది. పైకప్పులో టేకు దూలాలు, వాసాలు, వాటి మీద నిలువుగా పేర్చిన ఇటుక. పుచ్చిన దూలాలను మాత్రమే మార్చి, మంచివి ఉన్నవి ఉన్నట్టే ఉంచారు. కొత్త దూలానికి పాత రంగు పూసి మోసం చేయలేదు. ఇది చేసిన మేస్త్రీ ఎవరో గానీ ఆయన చేతికి దండం పెట్టాలి. ఆయన పేరు మాత్రం ఏ బోర్డు మీదా లేదు.

ఇక గదులు.

ముందు హాల్లో గోడ నిండా ఫొటోలు. తలపాగాలు, తుపాకులు, కాళ్ళ దగ్గర చచ్చిన చిరుత. గ్రామఫోను. బెల్జియం అద్దం, మూల కాస్త పాదరసం పోయి మచ్చ పడింది. కచేరి గదిలో ఉర్దూ కాగితాలు చట్రం కట్టి పెట్టారు. ప్రతి గదిలోనూ ఒక చిన్న పలక, దాని మీద గది పేరు, నాలుగు వాక్యాలు. గైడు వాటిని బట్టీపట్టి చెబుతున్నాడు. దొరగారు సంగీతం అంటే చెవి కోసుకునేవారు, దొరసానమ్మ అన్నదానం చేసేవారు. అయి ఉండొచ్చు.

హాలు చివర వంశచరిత్ర బోర్డు ఉంది. నిలువెత్తు బోర్డు, మంచి అచ్చు. మొదటి దొర, గడీ కట్టడం, విస్తరించడం, 1930ల్లో పైఅంతస్తు. తర్వాత 1946. ఆ ఏడాది ఎదురుగా, "కుటుంబం హైదరాబాద్‌కు తరలివెళ్ళింది" అని ఉంది. దాని కిందే తర్వాతి అంకె, పునరుద్ధరణ మొదలుపెట్టిన ఏడాది. రెండింటి మధ్య బెత్తెడు ఖాళీ.

ఆ బెత్తెడులో దాదాపు డెబ్బై ఏళ్ళు ఉన్నాయి. నేనూ ఉన్నాను.

"కుటుంబం తరలివెళ్ళింది" అంట. ఏం, బదిలీ అయ్యిందా? 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఊరేగింపు మీద కాల్పులు జరిపి దొడ్డి కొమరయ్యను చంపారు. కడవెండి, పాలకుర్తి ఉన్న జనగామ తాలూకా అప్పుడు మా నల్లగొండ జిల్లాలోనే ఉంది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటను దేశ్‌ముఖ్ మనుషులకు దక్కనివ్వకుండా ఇంటికి చేర్చుకున్న కథ ఈ జిల్లాలో ఎవరినడిగినా చెబుతారు. ఆ రెండేళ్ళలో ఊరూరా సంఘం, అంటే ఆంధ్ర మహాసభ, లేచింది. దొరలు రాత్రికి రాత్రి బండ్లు కట్టుకుని పట్నం చేరారు. 1948 సెప్టెంబరులో పోలీసు యాక్షన్ జరిగాక కొందరు మిలిటరీ వెంట తిరిగొచ్చారు. మా ఊరి గడీలో కొన్నాళ్ళు క్యాంపు ఉండేదని నాయిన చెబుతాడు. ఏడేళ్ళ పిల్లవాడుగా ఆయన చూసింది బురుజు మీద టోపీలు, దర్వాజ ముందు ముళ్ళ తీగ.

1951ని తీసుకోండి. ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే 80 ఎకరాలు అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నాడు. అక్టోబరులో సాయుధ పోరాట విరమణ ప్రకటన వచ్చింది. డిసెంబరు 16న హైదరాబాద్‌లో దివాన్ దేవిడీలో, అంటే సాలార్‌జంగ్ ఇంట్లోనే, ఆయన వస్తువులతో పెట్టిన మ్యూజియాన్ని నెహ్రూ ప్రారంభించాడు. ఒక్క ఏడాదిలోనే ఒకచోట భూమి దానమయ్యింది, ఒకచోట తుపాకీ దిగింది, ఒకచోట దేవిడీ మ్యూజియం అయ్యింది. ఈ మూడూ ఒకే కథ అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది, రుజువు చేయమంటే చేయలేను. సాలార్‌జంగ్ మ్యూజియం 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి మారింది. దివాన్ దేవిడీ తర్వాత కూలిపోయింది. వస్తువులు బతికాయి, ఇల్లు బతకలేదు. అక్కడ వెనక అద్దంలో కనిపించే మార్గరెట్టా విగ్రహం ముందు గంటసేపు నిలబడేవాళ్ళకు, ఇవన్నీ మొదట ఒక ఇంటి గదుల్లో ఉండేవని తోచదు.

1952లో మొదటి ఎన్నికలు. మా ఊళ్ళో ఓట్లు వేసింది గడీ ముందు అరుగు మీద. నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిచిన ఎన్నిక అది. మా తాత చంకలో చెప్పులు పెట్టుకుని దాటిపోయిన దర్వాజ ముందు నిలబడి వేలికి సిరా పెట్టించుకుని వచ్చాడు. ఆ రోజు చెప్పులు వేసుకున్నాడా, విప్పాడా అని నాయినను ఎన్నోసార్లు అడిగాను. "యాదికి లేదు," అంటాడు. లేదంటే లేదు. నాయిన కథలకు మెరుగులు దిద్దే రకం కాదు.

ఆ తర్వాత కొన్నేళ్ళకు గడీ ముందు భాగంలో బడి పెట్టారు. పంచాయతీ సమితి ప్రాథమిక పాఠశాల. దొర కుటుంబమే వాడుకొమ్మని ఇచ్చిందంటారు, అదీ బోర్డు మీద లేదు. అది రాసుకుంటే వాళ్ళకే గౌరవం కదా! పగలు పిల్లలకు, కొన్నాళ్ళు రాత్రి పెద్దవాళ్ళకు. నాయిన చదువు ఆ రాత్రి బడిలోనే, లాంతరు ముందు. గేటు దగ్గర బోర్డును ఆయన కూడబలుక్కుని చదివాడని చెప్పాను కదా, ఆ కూడబలుక్కోవడం నేర్పింది ఈ ఇల్లే.

నేను 1978లో చేరాను. ఒకటో తరగతి అరుగు మీద. రెండో తరగతి లోపలి పెద్ద అర్రలో. ఆ అర్రకు ఇప్పుడు "దొరసాని గది" అని పలక ఉంది. పందిరిమంచం, దోమతెర, నిలువుటద్దం, చందనపు పెట్టె. నేను గోడ వైపు నడిచాను. కిటికీకి ఎడమ పక్కన గూడు ఉండాలి, సుద్దముక్కల డబ్బా పెట్టే గూడు. ఉంది. అందులో ఇత్తడి దీపం పెట్టారు. గూడు ఉందంటే దాని పక్కనే నల్లబల్ల ఉండాలి.

లేదు. అక్కడ పాలమీగడలాంటి గోడ.

మా బడిలో చెక్క బల్ల లేదు. సున్నం గోడ మీదే మనిషి నిలువున నలుపు పూసేవాళ్ళు. ఏటా జూన్‌లో బడి తెరవగానే మొదటి పని అదే. బొగ్గు మెత్తగా నూరి, దొండాకు పసరు కలిపి, గుడ్డతో గోడకు రుద్దాలి. చేతులు మూడు రోజుల దాకా నల్లగా, పచ్చివాసన వేస్తూ ఉండేవి. బొగ్గు తెచ్చే వంతు ఎప్పుడూ మాదే, ఎందుకంటే మేము కుమ్మరోళ్ళం, కుండలు కాల్చే మా ఆవంలో బొగ్గుకు కొదవ లేదు. దొరసాని గది గోడ మీద పాతికేళ్ళు పొరలు పొరలుగా పట్టిన ఆ నలుపు మా ఇంటిది. దాని మీద ఎంతమంది 'అ' దిద్దారో లెక్క తీస్తే, ఆ గదిలో పడుకున్నవాళ్ళ కంటే ఎక్కువే తేలుతారు.

గైడును అడిగాను. "ఇది దొరసాని గదని ఎట్లా తెలిసింది?"

"సార్ వాళ్ళు చెప్పిన్రు మేడం."

"మంచం ఆమెదేనా?"

వాడు మంచి పిల్లవాడు, అబద్ధం రాదు. "మంచం బయట కొన్నరు మేడం. గడీల సామాను ఏం మిగల్లేదు కదా. గసుంటిదే ఉండె అంట."

అదిగో, నా పంచాయితీ అదే. ఈ ఇంట్లో ఎన్నడూ లేని మంచం కొనుక్కొచ్చి పెట్టారు. ఈ ఇంటి గోడలోకి ఇంకిపోయిన నల్లబల్లను గీకేశారు. ఇంటిని బాగుచేయడం అంటే దాన్ని ఏదో ఒక రోజుకు తిప్పి నిలబెట్టడం. గడియారం ఆగిపోతే ఏ గంటకు తిప్పి పెడతామన్నట్టు. ఇక్కడ 1935 ప్రాంతంలో ఒక పండుగ పూటకు తిప్పి పెట్టారు. పైఅంతస్తు కొత్తగా కట్టారు, సంఘం ఇంకా రాలేదు, దీపాలన్నీ వెలుగుతున్నాయి. తప్పు రోజు అనను. కానీ అది ఎంచుకున్న రోజు అని చూసేవాళ్ళకు చెప్పాలి కదా. వాళ్ళు ఇల్లు ఎప్పుడూ అట్లాగే ఉండేదనుకుని పోతారు.

మేనల్లుడు నాతో ఒప్పుకోలేదు. కారులో తిరిగి వచ్చేటప్పుడు వాడికీ నాకూ గట్టిగానే వాదన నడిచింది.

"బొగ్గు పూత ఉంచితే దాని మీద కొత్త సున్నం పట్టదు అత్తా. గీకక తప్పదు."

"అంతా గీకాల్నా?"

"ఎక్కడో ఒక కాడ కటాఫ్ పెట్టాలి కదా. రేపు క్యాంపోళ్ళు కొట్టిన మేకులు ఉంచమంటవు, మేకల మందను తోలిన గుర్తులు ఉంచమంటవు. అప్పుడది గడీ ఎట్లయితది? వాళ్ళ తాతలిల్లు, వాళ్ళ పైసలు, వాళ్ళకు నచ్చిన తీరుగ చేసుకున్నరు."

వాడి మాటలో బలం ఉంది. వాళ్ళు దాన్ని ఇల్లుగానే ఉంచుకుని, తలుపు వేసుకుని, పండక్కి వచ్చి పోతూ ఉంటే నేను నోరెత్తను. మా ఇంటి గోడ మీద ఏముండాలో నేను చెప్పుకుంటాను, వాళ్ళ గోడ వాళ్ళది. కానీ టికెట్ పెట్టి, "మన చరిత్ర, మన సంస్కృతి" అని గేటు మీద రాశాక, ఆ 'మన'లో ఎవరున్నారని అడిగే హక్కు 50 రూపాయలిచ్చినవాళ్ళకు వస్తుంది. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో నాకు ఈ బాధ లేదు. 2005లో తెరిచాక రెండుసార్లు వెళ్ళాను. ఖిల్వత్ దర్బారు హాల్లో 19 షాండ్లియర్ల కింద మెడ నొప్పి పుట్టేదాకా చూసి వచ్చాను. అది నిజాముది, మా ఇంట్లో ఎవరూ దాని గడప తొక్కినవాళ్ళు కాదు. చూసేవాళ్ళూ ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఊరి గడీకి వచ్చేది మాత్రం చుట్టుపక్కల పది ఊళ్ళ జనం. టికెట్ కొనేసరికే సగం కథ తెలిసినవాళ్ళు. వాళ్ళ ముందు బెత్తెడు ఖాళీ వదిలితే ఆ ఖాళీనే చదువుతారు.

అట్లాగని బడి పెడితే చాలు, భవనం ధన్యమైందని కూడా అనలేను. వనపర్తి రాజుగారి ప్యాలెస్‌లో 1959 నుంచి పాలిటెక్నిక్ నడిచింది. మా అన్న అక్కడే చదివాడు. రాజుల హాల్లో డ్రాఫ్టర్ పట్టుకుని ఇంజనీరింగ్ డ్రాయింగ్ గీశామని ఇప్పటికీ గొప్పగా చెబుతాడు. ఆ గొప్పలోనే ఇంకో మాట కూడా ఉంటుంది, దూలాలకు మేకులు కొట్టి ట్యూబులైట్లు వేలాడదీశామని, వాన పడితే బకెట్లు పెట్టామని. గద్వాల కోటలో సోమనాద్రి కట్టించిన గోడల మధ్య డిగ్రీ కాలేజీ ఉంది. దానికి మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరే పెట్టారు. ఆ కాలేజీ పిల్లలకు అది కోట కాదు, రోజూ అటెండెన్సు పడే చోటు. వాడకం భవనాన్ని బతికిస్తుంది, అరగదీస్తుంది కూడా. మా బడి పోయి కొత్త బిల్డింగులోకి మారాకే గడీ మీద రావిచెట్టు మొలిచింది. మేము ఉన్నన్నాళ్ళూ మా గోల వల్లనో ఏమో, మొలకలేదు. అయితే పందిరిమంచం గదిలో వానాకాలం కారే మూలకు సిమెంటు కొట్టించింది కూడా మా హెడ్మాస్టరే. మేనల్లుడు ఆ మూలను చూసి, "ఎవడో సిమెంటు మెత్తి పాడు చేసిండు," అన్నప్పుడు నేను మాట్లాడలేదు.

చివరికి ఉపాయం చెప్పింది కూడా వాడే. పాత భవనాలు బాగుచేసేవాళ్ళు గోడలో ఒక చిన్న చదరం గీకకుండా వదిలి, పొర మీద పొర కనిపించేట్టు ఉంచుతారట. ఇదిగో మొదటి సున్నం, ఇదిగో నీలిమందు రంగు, ఇదిగో బొగ్గు, ఇదిగో కొత్త పూత అని. చుట్టూ సన్నటి చట్రం. జానెడు చోటు చాలు. ఖర్చు ఏమీ లేదు, పైగా అంత మేర పూత పని తగ్గుతుంది. "ముందుగాల ఎవరన్న చెప్పి ఉంటే ఉంచెటోళ్ళేమో," అన్నాడు. ఎవరు చెప్పాలి? ఆ గదిలో చదివినవాళ్ళం నల్లగొండలో, హైదరాబాద్‌లో, దుబాయిలో ఉన్నాము. పూత పని జరుగుతున్నప్పుడు మమ్మల్ని ఎవరూ అడగలేదు, నిజం చెప్పాలంటే మేమూ వచ్చి చూడలేదు.

వెనక వంటింటి సంగతి చెప్పకుండా ఆపలేను. ముందు గదుల్లో నాయిన ఏమీ మాట్లాడలేదు. పందిరిమంచం వైపు చూసి, "దోమలు అప్పుడు సుత ఉండె," అన్నాడు, అంతే. వెనక కొట్టు గదిలోకి పోగానే మనిషి మారిపోయాడు. అక్కడ గోడ పొడుగునా పెద్ద పెద్ద మట్టి జాడీలు, గోలేలు, గాబులు, గింజలు పోసే బానలు. ఒకటి నా భుజం ఎత్తు. పలక మీద "పురాతన మట్టిపాత్రలు" అని రెండు మాటలు.

నాయిన తాడు కిందికి వంగి లోపలికి పోయాడు. గైడు వారించబోయి ఆగాడు. నాయిన వేలు మడిచి ఒక బాన కడుపు మీద కొట్టాడు. ఖంగుమంది. దాని పక్కది కొట్టాడు. అది బొదబొదమంది.

"ఇది పగిలింది. కింద పగులుంటది చూడు," అన్నాడు. గైడు ఫోను లైటు వేసి చూశాడు. అడుగున వెంట్రుక వాసి పగులు.

"ఇంత పెద్దది సారె మీద రాదు. మూతి మట్టుకే సారె మీద తీస్తరు. కడుపు చెక్కతోని కొట్టుకుంట, లోపల రాయి ఆనిచ్చి పెంచుకుంట పోవాలె. వారం పడ్తది. ఎండకు పెడితె పగుల్తది, నీడకే ఆరాలె."

"తాతా, మీరు చేసిన్రా ఇవి?" అన్నాడు గైడు.

"నేను గాదు. అప్పుడు నేను మట్టి తొక్కేటోన్ని. మా నాయిన, పాలోళ్ళు చేసి ఇచ్చిన్రు."

నేను ఆగలేక అడిగాను. "వీటిల్లో తాత చేసింది ఏదో గుర్తుపట్టగలవా?"

నాయిన నా వైపు పిచ్చిదానివా అన్నట్టు చూశాడు. "కుండ మీద పేరుంటదా?"

ఇచ్చిన్రు అన్నాడు చూశారా, అమ్మిన్రు అనలేదు. గడీకి కావలసిన కుండలన్నీ కుమ్మరి ఊరికే ఇవ్వాలి. పెళ్ళయినా, చావయినా, రెవెన్యూ గిర్దావరు వచ్చి బస చేసినా. చాకలి బట్టలు, మంగలి క్షవరం, మాదిగ చెప్పులు, బోయీల మోత, అన్నీ అదే లెక్క. నిజాం ప్రభుత్వం 1920ల్లోనే వెట్టిని నిషేధిస్తూ ఫర్మానా ఇచ్చింది, కాగితం మీద. ఇవన్నీ ఆ పలక మీద రాయమనడం లేదు నేను. "ఈ ఊరి కుమ్మరులు చేసినవి, వీటికి వెల కట్టలేదు" అని ఒక్క వాక్యం పట్టదా? చిరుతను కాల్చిన తుపాకీ ఏ కంపెనీదో, ఏ ఊళ్ళో కొన్నారో పలక మీద రాసినప్పుడు, బాన సంగతికి చోటు ఎందుకు ఉండదు?

గైడు మాత్రం నాయినను వదల్లేదు. గింజలు పోశాక మూతి ఎట్లా మూసేవాళ్ళు, పురుగు పట్టకుండా ఏం చేసేవాళ్ళు అని ఒక్కొక్కటీ అడిగాడు. వేపాకు, బూడిద, పైన మట్టీ పేడా కలిపి మెత్తడం అని నాయిన చేతులు తిప్పుతూ చెబుతుంటే ఫోనులో రికార్డు చేసుకున్నాడు. వెనక వచ్చిన రెండు కుటుంబాలు ముందు గదుల్లో కంటే ఇక్కడే ఎక్కువసేపు నిలబడ్డాయి. వాళ్ళలో ఒక ముసలమ్మ, "మా ఇంట్ల సుత ఉండె గసుంటి బాన, ఎలుకల మందుకు అమ్ముకున్నం," అంది. అదెట్లా అమ్ముకున్నారో నాకు అర్థం కాలేదు గానీ అందరూ నవ్వారు.

ఇంటికొచ్చాక ఆ కుటుంబానికి ఒక ఉత్తరం రాశాను, మర్యాదగానే. వంశచరిత్ర బోర్డులో 1946 కింద నాలుగు వాక్యాలు చేర్చమని, గడీలో బడి నడిచిందని రాయమని, వీలైతే ఆ గూడులో దీపం తీసి సుద్దముక్కల డబ్బా పెట్టమని. కోపగించుకుంటారనుకున్నాను. వారం తిరక్కుండా వాళ్ళలో ఒకావిడ ఫోన్ చేసింది. ఆమె పుట్టింది అమెరికాలో, తెలుగు కొంచెం ఆగి ఆగి మాట్లాడుతుంది. గోడ మీద నలుపు చూసి వంటపొగ అనుకున్నారట. బడి సంగతి తన తండ్రికి లీలగా తెలుసు గానీ ఎవరి దగ్గరా ఆధారం లేదట. "మీ దగ్గర ఫొటో ఏమైనా ఉంటే పంపండి అండీ, తప్పకుండా పెడతాం," అంది.

ఫొటో! 1980ల మొదట్లో మా ఊళ్ళో కెమెరా ఎవరి దగ్గరుంది? చచ్చినవాళ్ళకూ పెళ్ళయినవాళ్ళకూ తప్ప ఫొటో లేని రోజులు. తెలిసిన ఇళ్ళన్నీ అడిగితే చివరికి మా అన్న ట్రంకుపెట్టె అడుగున ఒకటి దొరికింది. 1981లో నల్లగొండ నుంచి ఎవరో వచ్చి తీసిన గ్రూపు ఫొటో. నలభై మంది పిల్లలం, మధ్యలో కుర్చీలో హెడ్మాస్టరు, వెనక గడీ దర్వాజ. ఎడమ వైపు మూడో వంతు చెదలు తినేసింది, నేను ఆ వైపే కూర్చున్నాను. దర్వాజ పైన రాసిన అక్షరాల్లో మిగిలినవి "తి ప్రాథమిక పాఠ" వరకు. నల్లగొండలో ఒక స్టూడియోలో స్కాన్ చేయించి పంపాను.

ఇంకా జవాబు రాలేదు. ఆ ఫొటో అప్పుడు తలా మూడు రూపాయలిచ్చి ఏడెనిమిది మంది కొనుక్కున్నారని గుర్తు. మీలో ఎవరి ఇంట్లోనైనా ఉంటే, ఎడమ వైపు బాగున్న కాపీ అయితే మరీ మంచిది, కాస్త వెతికి చూడండి.